హాస్టల్‌లో వైఫై రాత్రిపూటే తెగిపోతోందా? యాక్సెస్ పాయింట్లు మార్చే ముందు అప్‌టైమ్ చూడండి

మీరు రాసిన దాన్ని బట్టి పరిస్థితి ఇదీ: అనంతపురంలో నాలుగంతస్తుల స్టూడెంట్ హాస్టల్, సుమారు 150 మంది పిల్లలు, మొత్తం 7 యాక్సెస్ పాయింట్లు (ఏపీలు, అంటే వైఫై సిగ్నల్ పంచే డబ్బాలు), కింద ఆఫీసు గదిలో 8 పోర్టుల పీఓఈ స్విచ్ (నెట్ కేబుల్‌లోనే ఏపీలకు కరెంటు కూడా పంపేది), దానికి ఫైబర్ లైను. పగలు ఏ గొడవా లేదు. రాత్రి ఎనిమిది దాటితే పై రెండంతస్తుల్లో వైఫై తెగిపోతుంది, కాసేపటికి దానంతటదే వస్తుంది. ఏపీల లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) అప్‌డేట్ చేశారు, ఛానెళ్లు మార్చారు, రెండు ఏపీలు కొత్తవి కొని బిగించారు. అయినా తేడా లేదు. ఇప్పుడు మొత్తం సెట్టు పీకేసి వేరే కంపెనీది పెట్టిద్దామా అని అడుగుతున్నారు.

ఇప్పుడే వద్దు. కొత్త ఏపీ పెట్టిన చోట కూడా అదే తంతు జరుగుతోందంటే తప్పు ఏపీలో ఉండే అవకాశం తక్కువ. కంపెనీ మారిస్తే అదే స్విచ్, అదే కేబుల్, అదే కరెంటు మీద కొత్త డబ్బాలు వేలాడతాయి, అంతే.

పిల్లలు వచ్చి "వైఫై పోయింది" అని ఒక్క మాటే చెబుతారు. కానీ దాని వెనక నాలుగు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. ఏపీకి కరెంటు అందక రీస్టార్ట్ అవుతుండొచ్చు. ఏపీ బాగానే ఉండి, దానికీ స్విచ్‌కీ మధ్య కేబుల్ లింకు పడిపోతుండొచ్చు. ఫోన్ ఏపీకి తగులుకునే ఉన్నా ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఫోన్‌ను గుర్తించే నంబరు) దొరక్కనో, బయటికి దారి లేకనో ఇంటర్నెట్ రాకపోవచ్చు. ఈ మూడూ కాకపోతే అప్పుడు నిజంగా రేడియో సమస్య. అందరూ ఈ నాలుగోదాని దగ్గర మొదలుపెడతారు, ఎందుకంటే సెట్టింగుల పేజీలో కనిపించేది అదే కాబట్టి. కర్నూలు, అనంతపురం, కడప వైపు హాస్టళ్లు, లాడ్జిలు, స్టడీ హాళ్లలో నేను చూసినంతవరకు ఎక్కువ కేసులు మొదటి మూడింట్లోనే తేలిపోయాయి.

కాబట్టి ఈ రాత్రి ఏ సెట్టింగూ ముట్టుకోకండి. వైఫై పోనివ్వండి. ఎన్నింటికి పోయింది, ఏ అంతస్తులో పోయింది అన్నది మాత్రం కాగితం మీద రాయండి. పొద్దున్నే కంట్రోలర్ (ఏపీలన్నింటినీ ఒకచోటి నుంచి నడిపే పేజీ) తెరిచి, లేదా ఒక్కో ఏపీ పేజీలోకి వెళ్లి, అప్‌టైమ్ చూడండి, అంటే ఆఖరిసారి ఆన్ అయినప్పటి నుంచి ఎంతసేపుగా నడుస్తోందో. రాత్రి తొమ్మిదికి పోయిందన్న ఏపీ ఉదయం ఎనిమిదింటికి 11 గంటల అప్‌టైమ్ చూపిస్తే అది రాత్రి రీస్టార్ట్ అయినట్టే. ఛానెల్ గురించి, పాస్‌వర్డ్ రకం గురించి ఆలోచించాల్సిన పని ఇంక లేదు, కరెంటు వెంట పడాలి. అదే ఏపీ 20 రోజుల అప్‌టైమ్ చూపిస్తూ ఉంటే కరెంటును వదిలేసి ముందుకు వెళ్లొచ్చు. స్విచ్ అప్‌టైమ్ కూడా చూడండి. ఏడు ఏపీలూ, స్విచ్ అన్నీ ఒకే నిమిషంలో లేచి ఉంటే గోడ సాకెట్ వైపు చూడాలి. స్విచ్ కదలకుండా ఒకటో రెండో ఏపీలే పడి లేచి ఉంటే స్విచ్ పవరూ, ఆ ఏపీల కేబుళ్లూ చూడాలి. కంట్రోలర్‌లో "డిస్‌కనెక్టెడ్" అని కనిపించడాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. ఏపీతో కంట్రోలర్‌కు మాట తెగిపోయిందని మాత్రమే దానర్థం. ఆ సమయంలో పిల్లల నెట్ నడుస్తూ కూడా ఉండొచ్చు.

మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నా అనుమానం మొట్టమొదట ఆ 8 పోర్టుల స్విచ్ మీదే. 8 పోర్టుల్లోనూ పీఓఈ ఉంది కదా, 7 ఏపీలు పెడితే ఇంకా ఒకటి మిగిలిందని అనుకుంటాం. పోర్టుల లెక్క వేరు, వాట్ల లెక్క వేరు. చాలా స్విచ్‌ల అడుగున చీటీ మీద మొత్తం పీఓఈ బడ్జెట్ (అన్ని పోర్టులకూ కలిపి ఇవ్వగల వాట్లు) ఎంతో రాసి ఉంటుంది. చిన్న స్విచ్‌లలో 60, 65 వాట్లకు మించనివి చాలా ఉన్నాయి. 802.3ఏఎఫ్ అనే పాత పీఓఈ ప్రమాణంలో ఒక్కో పోర్టు స్విచ్ దగ్గర 15.4 వాట్ల దాకా ఇవ్వగలదు, కేబుల్‌లో పోయేది పోగా పరికరానికి గ్యారంటీగా అందేది 12.95. దాని తర్వాతి ప్రమాణం 802.3ఏటీ అయితే ఈ అంకెలు 30, 25.5. ఇప్పుడు మీ ఏపీ ఖాళీగా ఉన్నప్పుడు 6 వాట్లు తాగుతుందనుకుందాం. ఏడింటికీ కలిపి 42, పగలంతా హాయిగా సరిపోతుంది. రాత్రి పిల్లలంతా గదులకు చేరి వీడియోలు పెట్టాక ఒక్కోటి 10 వాట్లకు వెళితే మొత్తం 70. 65 వాట్ల స్విచ్ అక్కడ చేతులెత్తేస్తుంది. అలాంటప్పుడు చాలా స్విచ్‌లు ప్రయారిటీ తక్కువగా ఉన్న పోర్టుకు కరెంటు కట్ చేస్తాయి. అన్ని పోర్టుల ప్రయారిటీ సమానంగా ఉంటే సాధారణంగా పెద్ద నంబరు పోర్టుకే దెబ్బ. వైరింగ్ చేసిన అబ్బాయి కింది అంతస్తు నుంచి వరసగా ఒకటి, రెండు, మూడు అని పెట్టుకుంటూ వచ్చి ఉంటే ఏడో పోర్టులో ఏముంటుంది? మీ పై అంతస్తే. ఆ ఏపీ పడిపోగానే లోడు తగ్గుతుంది, స్విచ్ మళ్లీ కరెంటిస్తుంది, ఏపీ లేస్తుంది, పిల్లలు తగులుకుంటారు, లోడు పెరుగుతుంది, మళ్లీ పడుతుంది.

ఇది తేల్చుకోవడం సులువు. మీ స్విచ్‌కు మేనేజ్‌మెంట్ పేజీ ఉంటే పీఓఈ మెనూలో ఇప్పుడు ఎన్ని వాట్లు పోతున్నాయో కనిపిస్తుంది, రాత్రి తొమ్మిదికి చూడండి. పేజీ లేని మామూలు స్విచ్ అయితే పీఓఈ మ్యాక్స్ అనే లైటు ఉందేమో చూడండి. అదీ లేకపోతే పై అంతస్తు ఏపీ ఒకదాన్ని రెండు రోజులు విడిగా పీఓఈ ఇంజెక్టర్ (ఒక్క ఏపీకి కేబుల్‌లో కరెంటిచ్చే చిన్న అడాప్టర్) మీద నడపండి. ఇంజెక్టర్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త: 24 ఓల్టుల పాసివ్ రకం, 48 ఓల్టుల 802.3ఏఎఫ్ రకం చూడ్డానికి ఒకేలా ఉంటాయి. షాపులో ఏదిస్తే అది తెచ్చుకోకుండా ఏపీ డబ్బా మీద ఏం రాసుందో చూసి అడగండి. ఇంజెక్టర్ మీద ఆ ఏపీ పడకుండా ఉంటే మీ సమస్య దొరికినట్టే, 120 వాట్ల పైన బడ్జెట్ ఉన్న స్విచ్ కొనండి. ఏడు కొత్త ఏపీల కన్నా చాలా తక్కువలో పోతుంది.

ఏడూ ఒకేసారి పడుతున్నాయని తేలితే కథ వేరు. మన వైపు ప్రతి హాస్టల్‌కూ బోరు ఉంటుంది, లోతు బోర్లు కాబట్టి మోటార్లూ పెద్దవే. స్టార్టర్ నొక్కిన క్షణంలో మోటారు లాగే కరెంటు నడిచేటప్పటి కన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ దెబ్బకు అదే ఫేజు మీదున్న లైట్లు ఒక్కసారి మసకబారతాయి, స్విచ్ రీస్టార్ట్ అవుతుంది. అనంతపురం శివార్లలో ఒక హాస్టల్‌లో వైఫై పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయేది, అంతా ఇంటర్నెట్ వాళ్లను తిట్టుకునేవాళ్లు. వాచ్‌మన్ ట్యాంకు నింపే వేళలు, వైఫై పోయే వేళలు పక్కపక్కన రాసి చూస్తే రెండూ ఒకటే. స్విచ్ ఉన్న ర్యాకును వేరే ఫేజు మీదికి మార్చి, చిన్న యూపీఎస్ పెట్టాక ఆగిపోయింది. మీ దగ్గర కూడా రాత్రి ట్యాంకు ఎన్నింటికి నింపుతారో ఒకసారి కనుక్కోండి.

లో ఓల్టేజ్ అనగానే స్టెబిలైజర్ కొనేయకండి. స్విచ్ అడాప్టర్ మీద 100 నుంచి 240 ఓల్టులు అని ఉంటే రాత్రి 190 వచ్చినా అది నడుస్తుంది. ప్రమాదమల్లా క్షణకాలం బాగా పడిపోవడం, లేదా న్యూట్రల్ లూజుగా ఉండి ఓల్టేజ్ ఊగడం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి బోర్డులో న్యూట్రల్ స్క్రూ బిగించమనండి, పనిలో పనిగా ఎర్తింగ్ ఉందో లేదో చూడమనండి. ఎర్తు పిన్ను ఉన్నా దాని వెనక వైరే లేని సాకెట్లు ఎన్నో. ఇన్వర్టర్ మీద నడుస్తుంటే దాని వెనక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని చిన్న మీట ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు మారడానికి పట్టే ఆ కాస్త ఆలస్యానికే కొన్ని స్విచ్‌లు, ఫైబర్ డబ్బాలు రీస్టార్ట్ అవుతాయి. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి.

పై అంతస్తు, అదీ రాత్రి అన్నారు కాబట్టి ఎండ గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో మన మూడు ఊళ్లలోనూ 40 డిగ్రీలు దాటడం మామూలే. గదుల్లో పెట్టే ఏపీల్లో చాలావాటికి కంపెనీ చెప్పే పరిమితి 40 డిగ్రీలే. ఎండ తగ్గాక రాత్రి ఎందుకు పోవాలి అని అడుగుతారేమో. పైకప్పు స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి పది దాకా కిందికి వదులుతూనే ఉంటుంది. ఏపీ సరిగ్గా ఆ స్లాబుకే అతుక్కుని ఉంటుంది, పైగా లోడు ఎక్కువయ్యే సమయం కూడా అదే. ఏపీ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే మామూలే, చెయ్యి తీసేయాలనిపించేంత కాలుతుంటే దాన్ని స్లాబు నుంచి తీసి వరండా గోడకు, తలకు రెండడుగుల ఎత్తులో బిగించండి. స్విచ్‌ను మూత వేసిన ఇనుప డబ్బాలో పెట్టి రేకుల షెడ్డు కిందో, మెట్ల గది పైనో వేలాడదీసే అలవాటు ఇంకా ఉంది. మీది ఆఫీసు గదిలో ఉందన్నారు, మంచిదే. కానీ చలికాలంలో కూడా ఇదే గొడవ ఉండేదంటే ఎండ మీద నింద వేయక్కర్లేదు.

ఇక కేబుల్. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే పైకి బాగున్న కేబుల్ లోపల మోసం చేస్తుంది. బజారులో చవగ్గా దొరికే కేబుల్ కట్టల్లో చాలావాటిలో ఉండేది అసలు రాగి కాదు. అల్యూమినియం తీగకు పైన రాగి పూత. సీసీఏ అంటారు. మీ దగ్గర మిగిలిన ముక్క ఏదైనా ఉంటే ఒక తీగ తొక్క తీసి, బ్లేడుతో మెల్లగా గీకండి. ఎంత గీకినా ఎర్రగానే ఉంటే రాగి. ఒకటి రెండు గీతలకే లోపల తెల్లగా వెండిలా మెరిసిందంటే సీసీఏ. దీని నిరోధం రాగి తీగ కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. డేటా మట్టుకు అయితే ఏదోలా నెట్టుకొస్తుంది గానీ, పీఓఈ కరెంటు పోయేటప్పుడు దారిలోనే ఓల్టేజ్ కరిగిపోతుంది. దూరం పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. కింద ఆఫీసు నుంచి మూడో అంతస్తు చివరి గది దాకా కేబుల్ తిప్పితిప్పి తీసుకెళ్తే 60, 70 మీటర్లు ఎక్కడికి పోతాయి? ఏపీ ఖాళీగా ఉన్నప్పుడు తక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి తట్టుకుంటుంది. లోడు పెరిగి ఎక్కువ లాగగానే అక్కడికి చేరే ఓల్టేజ్ సరిపోక పడిపోతుంది. అంటే స్విచ్ బడ్జెట్ లోపమూ ఇదీ బయటికి ఒకేలా కనిపిస్తాయి. విడదీసి చూడాలంటే పై అంతస్తు కేబుల్‌ను స్విచ్‌లో ఒకటో పోర్టుకు మార్చండి. అక్కడా అదే ఏపీ పడితే కేబుల్ మీద అనుమానం. ఈసారి వేరే ఏపీ పడితే స్విచ్ మీద.

కొత్తగా లాగాల్సి వస్తే పూర్తి రాగి కేబుల్ అని బిల్లు మీద రాయించుకుని, కట్ట విప్పగానే ఆ బ్లేడు పరీక్ష షాపులోనే చేయండి. అడగడానికి మొహమాటపడకండి.

కనెక్టర్ల సంగతి. క్రింప్ చేసిన (కేబుల్ కొసకు నొక్కి బిగించిన) ఆర్‌జే45 ప్లాస్టిక్ కనెక్టర్‌ను చేతిలోకి తీసుకుని వెనక భాగం చూడండి. కేబుల్ పైతొక్క కనెక్టర్ లోపలికి వెళ్లి, ఆ ప్లాస్టిక్ నాలుక కింద నొక్కుకుని ఉండాలి. చాలా చోట్ల తొక్క అర అంగుళం బయటే ఆగిపోయి, ఎనిమిది రంగు తీగలు విడివిడిగా కనిపిస్తుంటాయి. కేబుల్ బరువంతా ఆ సన్నటి తీగల మీదే పడుతుంది. ఫ్యాన్ గాలికి ఊగుతూ ఊగుతూ ఒక తీగ కాంటాక్టు వదిలేస్తుంది. పోర్టు స్పీడు చూస్తే ఇది తెలిసిపోతుంది. వెయ్యి ఎంబీపీఎస్ రావాల్సిన లింకు 100 చూపిస్తోందంటే నాలుగు జతల్లో ఏదో ఒకటి తెగిందనుకోండి, 100కి రెండు జతలు చాలు. ఒకసారి వెయ్యి, ఒకసారి వంద అని మారుతూ ఉంటే మారిన ప్రతిసారీ లింకు ఒక్క క్షణం తెగుతుంది, పిల్లలు "పోయింది" అనేది దాన్నే. స్విచ్ పేజీలో ఆ పోర్టు సీఆర్‌సీ ఎర్రర్ల కౌంటర్ (దారిలో పాడైన డేటా లెక్క) కూడా చూడండి. దాన్ని సున్నా చేసి ఒక రాత్రి వదిలేయండి, పొద్దునకు వందల్లో పెరిగి ఉంటే కేబుల్ రెండు కొసలూ మళ్లీ క్రింప్ చేయించడం తప్ప వేరే ఆలోచన వద్దు. మధ్యలో ఎక్కడైనా మెలితిప్పి టేపు చుట్టిన అతుకు ఉంటే ఆ కేబుల్ మొత్తం మార్చేయండి.

ఇంకొకటి. కొన్ని రకాల ఏపీలు కేబుల్ లింకు పడగానే పక్క ఏపీని గాలిలో పట్టుకుని మెష్‌లా నడుస్తాయి. మంచి సౌకర్యమే, కానీ కేబుల్ లోపాన్ని దాచిపెడుతుంది. ఎక్కడా తెగినట్టు కనిపించదు, స్పీడు మాత్రం చచ్చిపోతుంది. కారణం వెతికేంతవరకు మెష్ ఆపేయండి.

కరెంటు, కేబుల్ శుభ్రంగా ఉన్నాయనుకుందాం. అప్పుడు వైఫై పోయిన ఫోన్‌ను చేతిలోకి తీసుకుని వైఫై పేజీలో ఏం రాసుందో చదవండి. "ఐపీ అడ్రస్ పొందుతోంది" దగ్గరే తిరుగుతోందా? ల్యాప్‌టాప్‌లో అడ్రస్ 169.254తో మొదలవుతోందా? రెండూ ఒకే విషయం చెబుతున్నాయి: అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ నుంచి అడ్రసు రాలేదు, చాలాసార్లు దాని దగ్గర అడ్రసులు అయిపోయి ఉంటాయి. మామూలు ఫైబర్ డబ్బా 192.168.1 అనే ఒకే శ్రేణి ఇస్తుంది, మొత్తం 254 అడ్రసులు. కొన్నింట్లో మొదటి నుంచే 100 మాత్రమే పంచేలా పెట్టి ఉంటుంది. మీ దగ్గర 150 మంది. ఒక్కొక్కరికి ఫోన్, ల్యాప్‌టాప్ అనుకున్నా 300. పైగా ఒకసారి ఇచ్చిన అడ్రసును సాధారణంగా 24 గంటలపాటు ఆ ఫోన్‌కే అట్టిపెడుతుంది. ఉదయం వచ్చి పోయిన అతిథి ఫోన్‌కు కూడా. రాత్రి అందరూ ఒకేసారి చేరేసరికి ఆలస్యంగా వచ్చినవాళ్లకు దొరకదు. ఈ మధ్య ఫోన్లు ప్రైవసీ కోసం అసలు మ్యాక్ అడ్రస్ (పరికరానికి కంపెనీ ఇచ్చిన గుర్తింపు నంబరు) బదులు వేరేది చూపిస్తున్నాయి. పిల్లలు నెట్‌వర్క్‌ను "ఫర్‌గెట్" కొట్టి మళ్లీ కలుపుతున్నప్పుడు కొన్ని ఫోన్లు కొత్త మ్యాక్‌తో రావొచ్చు, అప్పుడు ఇంకో అడ్రసు ఖర్చు.

ముందు లీజు సమయం (అడ్రసును ఒక ఫోన్‌కు అట్టిపెట్టే సమయం) రెండు గంటలకు తగ్గించండి. దాంతోపాటు శ్రేణి పెంచండి: శ్రేణి ఎంత పెద్దదో చెప్పే సబ్‌నెట్ మాస్క్ 255.255.254.0 పెడితే 510 అడ్రసులు వస్తాయి. ప్రింటర్, సీసీ కెమెరాల రికార్డర్ (డీవీఆర్) లాంటివాటికి చేత్తో అడ్రస్ ఇచ్చి ఉంటే వాటిలోనూ మాస్క్ మార్చాలి, మరిచిపోతే మర్నాడు కెమెరాలు కనిపించట్లేదని ఫోన్ వస్తుంది. మీ ఫైబర్ డబ్బా దీనికి ఒప్పుకోకపోతే దాన్ని బ్రిడ్జి మోడ్‌లో (అడ్రసులు పంచకుండా లైనును మాత్రమే అందించేలా) పెట్టించి, మధ్యలో ఒక సరైన రౌటర్ పెట్టండి. మైక్రోటిక్ లాంటి చిన్నది చాలు. ఇంత మందికి ఇంటి కోసం చేసిన డబ్బా మీద ఆధారపడటం ఎలాగూ మంచిది కాదు. ఒక్కో ఫోన్ పదుల కొద్దీ కనెక్షన్లు తెరుస్తుంది, ఆ డబ్బాలో వాటి పట్టిక నిండిపోతే కొత్త పేజీలు తెరుచుకోవు, పాత వీడియో మాత్రం నడుస్తూ ఉంటుంది. ఆ తేడా కనిపిస్తే కారణం అదేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

హాస్టళ్లలో జరిగే ఇంకో వింత కూడా ఉంది. ఎవరో పిల్లాడు ఇంటి నుంచి పాత రౌటర్ తెచ్చి గదిలో ల్యాన్ పాయింటుకు కలుపుతాడు. అదీ తన లెక్క ప్రకారం అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. కొందరికి నెట్ వస్తుంది, కొందరికి రాదు, ఎందుకో ఎవరికీ తెలియదు. నెట్ రాని ఫోన్‌లో గేట్‌వే అడ్రస్ (బయటికి దారి చూపే రౌటర్ అడ్రస్) చూడండి. మీ రౌటర్‌ది కాకుండా వేరేది కనిపిస్తే అదే. స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే కాపలా ఆన్ చేస్తే రౌటర్ ఉన్న పోర్టు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ అడ్రసులు రావు. లూప్ ప్రొటెక్షన్ కూడా ఆన్ చేయండి, ఎవరైనా ఒకే కేబుల్ రెండు కొసలనూ రెండు సాకెట్లలో పెడితే మొత్తం నెట్‌వర్క్ పడిపోకుండా అది కాపాడుతుంది.

ఐపీ కూడా సరిగానే వస్తోందంటే పై అంతస్తులో ల్యాప్‌టాప్ పెట్టి రెండు కమాండ్ కిటికీలు తెరవండి. ఒకదాంట్లో గేట్‌వేకి, ఇంకోదాంట్లో 8.8.8.8కి (బయట ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ సర్వర్) ఆగకుండా పింగ్ (పలుకుతోందా అని చూసే కమాండ్) నడవనివ్వండి. నెట్ పోయిన క్షణంలో రెండూ ఆగితే లోపం ల్యాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్య. గేట్‌వే బాగా పలుకుతూ రెండోది ఒక్కటే ఆగితే లోపం బయటి లైనుది, ఫైబర్ డబ్బా మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ రావట్లేదని చెప్పే) అనే ఎర్ర లైటు వెలిగిందేమో చూసి లైను వాళ్లకు ఫోన్ చేయండి. ఏదీ ఆగకుండా రెండోదాంట్లో సమయం 20 మిల్లీసెకన్ల నుంచి 800కి, వెయ్యికి పోతోందంటే లైను నిండిపోయింది. అప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్ ఇంటర్నెట్ ఉందో లేదో చూసుకునే చిన్న పరీక్షలో ఫెయిలై, "ఈ వైఫైకి ఇంటర్నెట్ లేదు" అని తనంతట తానే మొబైల్ డేటాకు దూకుతుంది. తెంచింది ఏపీ కాదు, వదిలేసింది ఫోను. రౌటర్‌లో మనిషికి ఇంత అని స్పీడు కట్టడి పెడితే ఇది చాలావరకు సర్దుకుంటుంది. అప్‌లోడ్‌కు కూడా పెట్టండి, ఫోన్లు రాత్రిళ్లు ఫోటోలు బ్యాకప్ చేసేది ఆ దారిలోనే.

ఇప్పుడు రేడియో. మీరు ఛానెళ్లు మార్చానన్నారు గానీ దేని నుంచి దేనికో రాయలేదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 మూడే. 3, 4, 8 లాంటివి ఖాళీగా కనిపించినా పెట్టకండి, అటూ ఇటూ రెండు వైపులా గొడవ తెచ్చుకున్నట్టవుతుంది. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఏడు ఏపీలూ ఫుల్ పవర్‌లో అరిచే బదులు 2.4ను సగం ఏపీల్లో ఆపేసినా నష్టం లేదు.

5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 దాకా నాలుగు, 149 నుంచి 165 దాకా ఐదు, మొత్తం తొమ్మిది ఛానెళ్లు రాడార్ గొడవ లేనివి. మధ్యలో 52 నుంచి 144 వరకు ఉన్నవాటిలో ఏపీ రాడార్ కోసం వింటూ ఉంటుంది. రాడార్ లాంటిది వినిపిస్తే 10 సెకన్లలోపు ఆ ఛానెల్ ఖాళీ చేయాలి, మళ్లీ అలాంటి ఛానెల్‌లోకే వెళితే కనీసం 60 సెకన్లు మౌనంగా విని గానీ మొదలుపెట్టకూడదు. ఆ నిమిషంపాటు అక్కడి 5 గిగాహెర్ట్జ్ మొత్తం మాయం. దగ్గర్లో రాడార్ ఏదీ లేకపోయినా వేరే సిగ్నల్‌ను చూసి పొరబడే ఏపీలు ఉన్నాయి. లాగ్‌లో (ఏపీ రాసుకునే చిట్టాలో) "రాడార్ డిటెక్టెడ్" లేదా డీఎఫ్ఎస్ (రాడార్‌కు తప్పుకునే పద్ధతి) అన్న మాట కనిపిస్తే పైన చెప్పిన తొమ్మిదిలోకి వచ్చేయండి. 80 మెగాహెర్ట్జ్ వెడల్పు పెడితే ఆ తొమ్మిదీ రెండు ముక్కలే అవుతాయి, ఏడు ఏపీలకు రెండు ముక్కలంటే కొట్లాటే. మీ భవనానికి 20 పెట్టండి, తప్పదనుకుంటే 40. ఆటో ఛానెల్ ఉంచుకోవాలనుకుంటే అది మారే సమయం తెల్లవారుజామున నాలుగుకు పెట్టండి, రాత్రి తొమ్మిదికి అది ఛానెల్ మార్చినా పిల్లలకు తెగినట్టే ఉంటుంది.

కంట్రోలర్‌లో మినిమమ్ ఆర్ఎస్ఎస్ఐ అనే సెట్టింగ్ ఎవరైనా ఆన్ చేశారేమో చూడండి. సిగ్నల్ తగ్గిన ఫోన్‌ను ఏపీ బయటికి నెట్టేయడానికి అది. మైనస్ 70 దగ్గర పెడితే గది మూలలో మంచం మీద పడుకున్న పిల్లాడిని నెడుతూనే ఉంటుంది, ఫోన్ మళ్లీ అదే ఏపీని పట్టుకుంటుంది, మళ్లీ నెడుతుంది. ప్రస్తుతానికి ఆపేయండి. మీ భవనం సిమెంటు ఇటుకలదే అయితే వరండాలో ఉన్న ఏపీ గదిలోకి బాగానే అందుతుంది. కర్నూలు పాత ఊళ్లోనో, కడపలోనో రాతి గోడల ఇళ్లను హాస్టళ్లు చేసినచోట మాత్రం ఒక గోడ దాటితే 5 గిగాహెర్ట్జ్ దాదాపు అయిపోతుంది. అక్కడ వరండా ఏపీల లెక్క పనికిరాదు, రెండు గదులకొకటి లోపలే పెట్టాలి. కడప బండల అటక మీద, ఇనుప బీరువా వెనక ఏపీ దాచిపెట్టే పని ఎక్కడైనా తప్పే.

లాగ్‌లో ఫోన్లు వెళ్లిపోయినప్పుడు రీజన్ కోడ్ అని ఒక అంకె ఉంటుంది. 3, 8 అయితే ఫోన్ తనే వెళ్లిపోయింది, పట్టించుకోకండి. 4 అంటే చాలాసేపు ఉలుకూ పలుకూ లేదని ఏపీ తీసేసింది, జేబులో నిద్రపోయిన ఫోన్లకు ఇది మామూలు. 15, 16 వరసగా కనిపిస్తే ఫోనూ ఏపీ రహస్య తాళాలు (కీలు) మార్చుకునే దగ్గర ఇబ్బంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నా రావొచ్చు, డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతి కలిపిన మిక్స్‌డ్ మోడ్‌కు పాత ఫోన్లు తడబడుతున్నా రావొచ్చు. ఒక వారం పాత పద్ధతి డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ మాత్రమే పెట్టి, ఫాస్ట్ రోమింగ్ (ఫోన్ ఒక ఏపీ నుంచి ఇంకోదానికి త్వరగా మారే సెట్టింగ్) ఆపి చూడండి. సరిగ్గా గంటకొకసారి అందరికీ తెగుతోందంటే గ్రూప్ కీ (అందరికీ ఉమ్మడిగా ఉండే తాళం) మార్చే సమయం 3600 సెకన్లు ఉందేమో చూసి పెంచండి. మీ కేసు రాత్రిపూటే అంటున్నారు కాబట్టి ఇది కాకపోవచ్చు.

వెళ్లే వరస: ముందు అప్‌టైమ్, రాత్రి తొమ్మిదికి పీఓఈ వాట్లు, ఆ తర్వాత పై అంతస్తు కేబుల్ పోర్టు మార్చడం. వీటికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. డీహెచ్‌సీపీ లీజు తగ్గించడానికీ ఖర్చు లేదు, కానీ అదే రోజు చేయకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. అయినా పై అంతస్తు పడుతూనే ఉంటే స్విచ్ మోడల్, దాని పీఓఈ బడ్జెట్, పడుతున్న ఏపీల అప్‌టైమ్, పోర్టు స్పీడు, సీఆర్‌సీ అంకెలు, కేబుల్ ముక్కను గీకితే ఏ రంగు కనిపించిందో రాయండి. ట్యాంకు నింపే టైము కూడా.